ఒకే ప్రశ్న, వేఱు రచనలు: భాషా డేటాబేసులయందు శోధనశ్రమ తారతమ్యము

శాసనములు, కావ్యములు, పత్రికలు, నిఘంటువులు మున్నగువానిని కంప్యూటరులకెక్కించి పరిశోధించుట భారతీయ భాషాశాఖలయందు నేడు సామాన్యమైనది. పూర్వము చీటీలపై వ్రాసి పెట్టెలయందు అకారాదిగా అమర్చుకొనిన ప్రయోగములు నేడు డేటాబేసు పట్టికలలో వరుసలుగా నిలిచియున్నవి. వానినుండి కావలసిన విషయమును రాబట్టుటకై పరిశోధకుడు యంత్రమునకు వేయు ప్రశ్నకు క్వెరీ యని వ్యవహారము. ఒకే ప్రశ్నను రెండు మూడు విధములుగా వ్రాయవచ్చును. ఫలము ఒక్కటియే యైనను ఒక రచన రెప్పపాటులో ముగియును. వేఱొకటి గంటలకొలది సాగును. ఈ భేదము కాలవ్యయమునకు మాత్రమే సంబంధించినదని తలచుట పొరపాటు. ఎంతకును ముగియని ప్రశ్నను పరిశోధకుడు మధ్యలో విడిచిపెట్టును. లేదా మొదట వచ్చిన వేయి వరుసలతో తృప్తిపడి వానినిబట్టియే నిర్ణయము చేయును. అంతకంటె అపాయకరమైనది మఱియొకటి కలదు. వేగముకొఱకు ప్రశ్నను మార్చి వ్రాయునప్పుడు దాని యర్థమే మాఱిపోవచ్చును. కావున రెండు రచనల శ్రమను పోల్చుటకు ముందు అవి నిజముగా ఒకే ప్రశ్న యగునా యని తేల్చుకొనవలయును.

ఒకే ప్రశ్నకు పలు రచనలెట్లు సాధ్యమయ్యెనో తెలియుటకు కొంత పూర్వచరిత్ర అవసరము. 1970లో ఐ.బి.ఎం. సంస్థయందలి ఎడ్గర్ కాడ్ దత్తాంశమును పట్టికల రూపమున భావించు సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించెను. 1974లో ఆ సంస్థకే చెందిన డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారలు సీక్వెల్ అను ప్రశ్నభాషను ప్రకటించిరి. అదియే తరువాత ఎస్‌క్యూఎల్ అయినది. ఈ భాషయందు అడుగువాడు తనకేమి కావలయునో చెప్పును గాని, దానిని ఏ దారిని వెదకవలయునో చెప్పడు. దారిని ఎన్నుకొనుట యంత్రము పని. పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రకటించిన వ్యాసము ఈ యెన్నికకు నేటికిని ఆధారముగా నున్నది: సాధ్యమైన దారులకు వ్యయమును అంచనావేసి, అల్పవ్యయమైన దానిని గ్రహించుట. ఈ యెన్నిక చేయు భాగమునకు ప్లానర్ అని పేరు.

ఇందువలన రచనాభేదములు పెక్కు పైపై భేదములుగానే మిగిలిపోవును. ఒక పట్టికయందలి పదములు వేఱొక పట్టికలో నున్నవా యని ఇన్ అను మాటతో అడిగినను, ఎగ్జిస్ట్స్ అను మాటతో అడిగినను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి వ్యవస్థ సాధారణముగా ఒకే పథకమును తయారుచేయును. రెండు పట్టికలను కలుపునప్పుడు ఏది ముందు వ్రాసిరన్నదియు సామాన్యముగా లెక్కకు రాదు. జాయిన్ అను మాటతో కలిపిన పట్టికలు ఎనిమిదింటికి మించినప్పుడు మాత్రము, సహజ స్థితియందు, వ్రాసిన క్రమమునకు కొంత ప్రాధాన్యము కలుగును. "ఇది వేగము, అది మందము" అని వినవచ్చు సూత్రములలో చాలభాగము ఏనాటివో, ఏ వ్యవస్థవో తెలియక వల్లెవేయబడుచున్నవే. అయినను ప్లానరు దాటలేని భేదములు కొన్ని నిజముగా నున్నవి. భాషాపరిశోధకునకు నిత్యము తగులునవి అవియే.

ఉదాహరణముకొఱకు ఒక కోటి వరుసలుగల ప్రయోగ పట్టికను ఊహించుకొనవచ్చును. ప్రతి వరుసయందును పదము, అది వచ్చిన గ్రంథము లేక శాసనము, సంవత్సరము, సందర్భవాక్యము ఉండును. వరుస యొక్కింటికి సుమారు 100 బైట్లు అనుకొనినచో పట్టిక 100 కోట్ల బైట్లగును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దత్తాంశమును 8,192 బైట్ల పుటలుగా భద్రపఱచును గావున, పట్టిక అంతయు దాదాపు 1,22,000 పుటలుండును. పదసూచి లేనిచో ఏ చిన్న ప్రశ్నకైనను ఈ పుటలన్నిటిని త్రిప్పవలసినదే. సూచి యున్నచో పరిస్థితి వేఱు. రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ అనువారలు 1972లో ప్రకటించిన బి-ట్రీ అను వృక్షరూపసూచియే నేడు సర్వత్ర వాడుకలో నున్నది. ఒక్కొక్క పుటలో 200 పదములు పట్టుననుకొనినను, మూడంతస్తులలో 80 లక్షలు, నాలుగంతస్తులలో 160 కోట్లు ఇమిడిపోవును. అనగా కోటి పదములలో ఒక పదమును పట్టుకొనుటకు నాలుగు పుటలు, దాని వరుసను చదువుటకు మఱియొక పుట చాలును. ఒకవైపు 1,22,000, ఒకవైపు 5. శ్రమతారతమ్యమునకు మూలమంతయు ఇచ్చటనే యున్నది.

అయితే అకారాది సూచి అకారాదిగా అడిగిన ప్రశ్నకే ఉపకరించును. నిఘంటువు చేతనున్నవాడు "రామ" అని ఆరంభమగు మాటలను క్షణములో తీయగలడు. "కొఱకు" అని ముగియు మాటలను తీయవలయునన్న మొదటి పుటనుండి తుదివఱకు చదువుకొనవలసినదే. యంత్రమునకును అంతే. పదము లైక్ 'రామ%' అను ప్రశ్నకు సూచి పనికివచ్చును. పదము లైక్ '%కొఱకు' అను ప్రశ్నకు పనికిరాదు. ప్రత్యయములు పదాంతమున చేరు తెలుగు, తమిళము, కన్నడము వంటి భాషల పరిశోధకునకు ఈ రెండవ తరగతి ప్రశ్నయే ముఖ్యము. విభక్తులు, క్రియాంతములు, సముచ్చయ దీర్ఘములు అన్నియు తుదినుండి వెదకవలసినవే. మన కోశకారులు ఈ చిక్కును ఎఱుగనివారు కారు. అమరకోశము తృతీయకాండమునందలి నానార్థవర్గము కాంతములు, ఖాంతములు అను రీతిని అంత్యవర్ణక్రమమున కూర్చబడినది. ఆదినుండి వెదకువానికి ఆ కూర్పు వింతగా తోచును. అంతమునుండి వెదకువానికి అదియే సూచి.

డేటాబేసునందు ఈ పనికి రివర్స్ అను ప్రమేయము కలదు. పదమును తలక్రిందులుచేసి, ఆ తలక్రిందులైన రూపముపై సూచిని నిర్మించి, వెదకవలసిన ప్రత్యయమును గూడ తలక్రిందులు చేసి అడిగినచో, అంత్యశోధన ఆదిశోధనగా మాఱును. తెలుగుమాట ఇట్లు తిరుగబడినప్పుడు ఉత్వచిహ్నము ముందునకును, దాని కకారము వెనుకకును పోయి కంటికి అర్థరహితమైన రూపమేర్పడును. అది చదువుటకు ఉద్దేశింపబడినది కాదు గావున దోషము లేదు. రెండువైపులను ఒకేరీతిగా త్రిప్పుటయే కావలసినది.

ఇచ్చట ఒక మెలిక కలదు. సూచి యున్నను 'రామ%' వంటి ఆదిశోధనయే మందముగా నడచుట కొందఱ అనుభవము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌నందు సూచి ఒక భాషయొక్క వర్ణక్రమముననుసరించి కట్టబడినచో, లైక్ శోధనకు ఆ సూచి ఉపయోగపడదు. కేవలము సంకేతసంఖ్యాక్రమమున నున్న సూచియైనను, టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ అను విశేషణముతో కట్టిన సూచియైనను కావలయును. తెలుగునకు ఈ రెండు క్రమములును ఒకటి కావు. యూనికోడ్ సంకేతములయందు రకారము వెంటనే ఱకారము, లకారము వెంటనే ళకారము నిలిచినవి. వర్ణమాల వల్లించునప్పుడు ళ, ఱ లు హకారము తరువాత వచ్చును. పాఠకునకు చూపు జాబితాకు ఒక క్రమము, శోధనకు వేఱొక క్రమము ఉంచుకొనుటయే మేలు. ఇక "వచ్చు" అను ధాతువు "రా" యని మాఱుట వంటివి ఏ వర్ణక్రమమునకును లొంగవు. వానికి మూలరూపమును వేఱు కాలమ్‌గా నమోదుచేయుటకంటె ఉపాయాంతరము లేదు.

అక్షరరూప భేదములవలన కలుగు శ్రమ మఱియొక విధమైనది. ఐత్వచిహ్నమును యూనికోడ్‌నందు ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వచిహ్నమునకు ఐత్వపు క్రిందిభాగమును చేర్చి రెండు సంకేతములుగానైనను వ్రాయవచ్చును. కంటికి రెండును సమానములే. యంత్రమునకు "కై" అను మాట ఈ రెండు రీతుల రెండు వేఱు మాటలు. యూనికోడ్ నిర్దేశించిన సమీకరణము ఈ రెంటిని ఏకము చేయును. పదమధ్యమున దాగియుండు అదృశ్య విభాజక సంకేతమును మాత్రము తొలగింపదు. అరసున్న యుంచుట, విడుచుట, శకటరేఫమును సాధురేఫముగా వ్రాయుట మున్నగునవి సంపాదకుల యభిమతమునుబట్టి మాఱుచుండును. వీనినన్నిటిని సరిచేయుటకు పరిశోధకుడు సాధారణముగా ప్రశ్నలోనే ప్రమేయములను చుట్టును: పదమునుండి అరసున్నను తీసివేసి, ఱకారమును రకారముగా మార్చి, వచ్చినది ఇట్టిదైనచో చూపుమనును. ఫలము సరియైనదే. కాని సూచి మూలపదముపై నున్నది. ప్రశ్న మార్చిన పదమునుగూర్చి యడుగుచున్నది. కావున కోటి పదములను ఒక్కొక్కటిగా మార్చి చూడక తప్పదు. అదే మార్పును దత్తాంశము నెక్కించునాడే ఒకసారి చేసి, శోధనరూపమను వేఱు కాలమ్‌నందుంచినను, ఆ మార్పుగల రూపముపైననే సూచిని కట్టినను, ప్రశ్న మరల అయిదు పుటల పనియగును. మూలపాఠమును మాత్రము చెఱుపరాదు. శకటరేఫచరిత్ర నడుగువానికి అదియే ఆధారము. పద్యములనుండి ప్రాసాక్షరమును రాబట్టు ప్రశ్నలకును ఇదే న్యాయము. ప్రతి పాదమున ద్వితీయాక్షర హల్లును ప్రశ్న వేసినప్పుడెల్ల విడదీయుటకంటె, ఎక్కించునప్పుడే గుర్తించి భద్రపఱచుట సుకరము.

పైన చెప్పినవానియందు మంద రచన కాలమును తినునే కాని తప్పు చెప్పదు. నిషేధ ప్రశ్నలయందు అట్లు కాదు. "శాసనములలో నుండి నిఘంటువున కెక్కని పదములేవి?" అను ప్రశ్న కోశనిర్మాతలకు ప్రాణప్రదమైనది. దీనిని చాలమంది నాట్ ఇన్ అను మాటతో వ్రాయుదురు: శాసనపదము నిఘంటుపదములలో లేనిదైనచో చూపుము. తెలుగువాక్యమునకు ఇది చక్కని అనువాదమువలె నుండును. నిఘంటు పట్టికయందు ఒక్క వరుసలో ప్రధానపదము శూన్యముగా, అనగా నల్‌గా, ఉన్నదనుకొనవలయును. రూపాంతరమును మాత్రము చూపి, ప్రధానపదపు గడిని ఖాళీగా విడిచిన వరుసలు నిఘంటువుల ఎక్కింపులో అరుదు కావు. అప్పుడు ఈ ప్రశ్నకు సమాధానము సున్న వరుసలు. ఎక్కని పదము ఒక్కటియు లేదని యంత్రము చెప్పినట్లగును.

కారణము ఎస్‌క్యూఎల్ తర్కమునందున్నది. అందు సత్యము, అసత్యములతోపాటు అజ్ఞాతము అను మూడవ విలువ కలదు. నల్ అనగా "విలువ తెలియదు". ఒక శాసనపదము ఆ తెలియని విలువతో సమానమగునా యన్నచో సమాధానము అజ్ఞాతము. "ఏ యొక్కదానితోను సమానము కాదు" అని చెప్పుటకు అన్ని పోలికలును నిశ్చయముగా విఫలము కావలయును. ఒక్కటి అజ్ఞాతమైనను మొత్తము అజ్ఞాతమే. సత్యమని తేలిన వరుసలనే యంత్రము చూపును గావున, ఏదియు చూపదు. తర్కమునకు లోపము లేదు. అడిగినవాని మనస్సులోని "లేదు" వేఱు, ఆ మాటయందలి "లేదు" వేఱు. నాట్ ఎగ్జిస్ట్స్ అను రచనయందు ఈ చిక్కు రాదు. శాసనపదముతో సరిపోలు వరుస నిఘంటువున ఒక్కటియైన దొరకునా యని మాత్రమే అది చూచును. శూన్యపు వరుస దేనితోను సరిపోలదు గావున అడ్డురాదు. శాసనపదమే శూన్యమైన వరుస యుండినచో నాట్ ఎగ్జిస్ట్స్ దానిని గూడ చూపును. దానిని వేఱుగా విడువవలయును.

వేగమునందును ఈ రెంటికి అంతరము పెద్దది. శూన్యమునకు అవకాశమున్న కాలమ్‌పై నాట్ ఇన్ వ్రాసినప్పుడు, ఉపప్రశ్న ఫలము కేటాయించిన మెమరీలో ఇమిడినచో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దానిని హ్యాష్ పట్టికగా మార్చి పని త్వరగా ముగించును. ఇమడనిచో ప్రతి శాసనపదమునకును ఆ ఫలమును మొదటినుండి గాలించును. 5 లక్షల శాసనపదములకు లక్ష నిఘంటుపదములను పోల్చుటన్న, అన్నియు తుదివఱకు సాగినచో, 5,000 కోట్ల పోలికలు. నాట్ ఎగ్జిస్ట్స్ రచనను ప్లానరు వ్యతిరేక జాయిన్‌గా గ్రహించును గావున, ఒక్కొక్క పట్టికను ఒక్కొక్కసారి చదువుటతో, అనగా ఆఱు లక్షల వరుసలతో, పని సరిపోవచ్చును. చిన్న నమూనాపై నాట్ ఇన్ వేగముగా నడచి, నిఘంటువు పెరిగిన యొకనాడు హఠాత్తుగా నిలిచిపోవుటకు ఈ మెమరీ హద్దే కారణము. ఈ రెండు రచనలను వేగమునందు పోల్చి పట్టిక వేయువారు, శూన్యములున్నప్పుడు అవి ఒకే ప్రశ్న కావని ముందు చెప్పవలయును. ఆర్ అను మాటకు బదులు యూనియన్ వాడుటయును ఈ కోవలోనిదే: యూనియన్ సమానమైన వరుసలను ఏకము చేయును గావున ప్రయోగసంఖ్యలు తగ్గిపోవచ్చును, యూనియన్ ఆల్ వాడినచో రెండు నియమములకును చెందిన వరుస రెండుమాఱులు లెక్కకు వచ్చును.

ఏ రచన శ్రేష్ఠమో అడిగిన పరిధినిబట్టి మాఱు సందర్భములును కలవు. ఒక పదము మొదట ఏ సంవత్సరమున కనబడునో చూచుట పదచరిత్రకు తొలిమెట్టు. దీనిని రెండు విధముల అడుగవచ్చును. ప్రతి పదమునకు ఒక్కొక్క ఉపప్రశ్నగా కనిష్ఠ సంవత్సరమును అడుగుట ఒకటి. ప్రయోగములన్నిటిని పదమువారీగా గుంపుచేసి ప్రతి గుంపునకు కనిష్ఠమును తీయుట రెండవది. పదము, సంవత్సరము అను రెంటిపై జంటసూచి యుండి, విచారింపవలసిన పదములు నలుబది యేబది మాత్రమైనచో మొదటి రచన మేలు: ఒక్కొక్క పదమునకు కొన్ని పుటలే. నిఘంటువునందలి పదములన్నిటికిని ప్రథమప్రయోగము కావలసినచో, లక్ష ఉపప్రశ్నలు లక్షసార్లు వృక్షము దిగవలయును. గుంపుచేయు రచన పట్టికను ఒక్కసారి నడచి పని ముగించును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్లానరు ఇట్టి ఉపప్రశ్నను తనంత గుంపురచనగా మార్చదు. ఇచ్చట ఎన్నిక వ్రాయువానిదే.

ఇక కొలత. వ్యవస్థ తాను ఎన్నుకొనిన దారిని ఎక్స్‌ప్లెయిన్ అను ఆజ్ఞచే చూపును. అందు కనబడు వ్యయసంఖ్యలు సెకండ్లు కావు; దారులను పరస్పరము పోల్చుటకు ప్లానరు కల్పించుకొనిన మానములు. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అన్నచో ప్రశ్నను నిజముగా నడపి, పట్టిన కాలమును, వచ్చిన వరుసలను చెప్పును. నిజముగా నడపును గావున, తొలగింపు ఆజ్ఞపై దీనిని ప్రయోగించినవానికి కొలతయు దక్కును, దత్తాంశమును పోవును. బఫర్స్ అను విశేషణమును చేర్చినచో ఎన్ని పుటలు త్రిప్పబడెనో గూడ తెలియును. కాలముకంటె ఈ పుటలసంఖ్య నమ్మదగినది. ఒక ప్రశ్న మొదటిసారి నడచినప్పుడు పుటలు డిస్కునుండి వచ్చును. రెండవసారి అవియే మెమరీలో సిద్ధముగా నుండును. ముందు నడపిన రచన ఓడుట, వెనుక నడపినది గెలుచుట ఇందువలననే తఱచుగా జరుగును. రెంటిని మార్చిమార్చి పలుమాఱులు నడపి మధ్యమ విలువను గ్రహింపవలయును. మొదటి ఇరువది వరుసలు చాలునని లిమిట్ పెట్టి కొలిచిన కాలము పూర్తి ప్రశ్నకు ప్రమాణము కాదు.

నమూనా పట్టికయొక్క పరిమాణమును కొలతను చెఱచును. మూడు నాలుగు వందల వరుసల పట్టికకు సూచి యున్నను యంత్రము దానిని విడిచి పట్టికనే చదువును. అది సరియైన పనియే, పుటలు నాలుగైదు మాత్రమే గదా. అదే రీతిని, కోటి వరుసలలోనైనను అతిప్రచురమైన పదమునడిగినప్పుడు సూచిని విడుచుట లాభకరము కావచ్చును. "మఱియు" అను మాట ప్రతి పుటయందును కనబడుచో, సూచినుండి పుటకు, పుటనుండి సూచికి తిరుగుటకంటె పట్టికను వరుసగా చదువుటయే తేలిక. భాషయందు కొన్ని పదములు మిక్కిలి తఱచుగా, అత్యధిక పదములు ఒకటి రెండుమాఱులు వచ్చుట స్వభావము. కావున ఒక పదముతో కొలిచి వేఱొక పదమునకు అన్వయించుట కుదరదు. ప్రచురపదముతో ఒకసారి, విరళపదముతో ఒకసారి కొలువవలయును.

ఏ పదము ప్రచురమో ప్లానరునకు తెలియుట గణాంకములవలన. పట్టికనుండి కొన్ని వరుసలను మచ్చుగా తీసి, తఱచుగా వచ్చు విలువలను, వాని పాళ్లను అది గుర్తుంచుకొనును. వేలకొలది క్రొత్త శాసనముల పాఠము ఒక్కరాత్రిలో ఎక్కింపబడినచో, ఆ గుర్తులు పాతవి యగును. నిన్న సూచిద్వారా నడచిన ప్రశ్నయే నేడు పట్టికనంతయు చదువుటయో, లేక పది వరుసలు వచ్చునని యెంచిన చోట పది లక్షలు వచ్చి కలయికలు పెరిగిపోవుటయో జరుగును. ప్రశ్నలో ఒక్క యక్షరము మాఱలేదు. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ ఫలితమున అంచనా వరుసలు, నిజపు వరుసలు ప్రక్కప్రక్కనే అచ్చగును. ఈ రెండు సంఖ్యలు నూఱింతలు, వేయింతలు భేదించిన చోట రచనను తిరుగవ్రాయుటకు పూనుకొనక, ముందు ఎనలైజ్ ఆజ్ఞనిచ్చి గణాంకములను నూతనపఱచి, రెండు రచనలను మరల కొలువవలయును.